ఇంజిన్ ఊపిరి ఎటు వదలాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇంజిన్ ఛాంబర్ (పిస్టన్ కింద క్రాంకు ఇరుసు తిరిగే గది) నుంచి లోపలి గాలిని బయటికి తెచ్చే బ్రీదర్ పైపును ఊరికే వదిలేయకుండా, ఆయిలు పట్టే చిన్న డబ్బాలోకి మళ్లించి, ఆ డబ్బాను కంటికి కనపడకుండా అమర్చడం ఎలాగన్నదే ఆ విషయం. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్నీ దానికే కేటాయించాను.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు వాడిన 1994 నాటి బుల్లెట్ 350 ఇప్పుడు నా దగ్గర ఉంది. బ్రీదర్ పైపును ఎప్పుడో ఎవరో చైను వైపుకు వదిలేశారు. వెనక రిమ్ము మీద, స్టాండు వేసిన చోట నేల మీద ఎప్పుడూ నల్లటి మరకలే. పైపును ఒక డబ్బాలోకి పెట్టి, ఆ డబ్బాను టూల్ బాక్సులో దాచాలని ఉంది. బండి పాత రూపం చెడకూడదు. ఎలా చేయాలి? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ పైపులోంచి ఏం వస్తోందో ముందు తెలిస్తే, డబ్బా ఎలా ఉండాలో దానంతట అదే తెలుస్తుంది. మీ ఇంజిన్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ తన కిందున్న 346 సి.సి. గాలిని ఛాంబర్‌లోకి నొక్కుతుంది, పైకి లేచినప్పుడు అంత గాలినీ మళ్లీ లాక్కుంటుంది. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. అంటే సెకనుకు 17 లీటర్ల పైచిలుకు, సుమారుగా ఒక బిందెడు గాలి, ఆ ఇరుకు చోటులో ఊగిసలాడుతోందన్న మాట. దానికి తోడు రింగుల సందుల్లోంచి జారిన మంట వాయువులు, కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, క్రాంకు చిలకరించిన ఆయిలు తుంపర కూడా అందులో కలుస్తాయి. ఇదంతా బయటపడడానికి ఉన్న దారి ఆ పైపు ఒక్కటే.

కాబట్టి డబ్బా ఎంత అందంగా దాగిందన్నదాని కంటే, దానికి బయటికి వెళ్లే రెండో రంధ్రం ఉందా లేదా అన్నదే అసలు విషయం. లోపలికి వచ్చే ముక్కు ఒకటి, గాలి బయటికి పోయే ముక్కు ఒకటి, ఈ రెండూ లేని డబ్బాను బండికి తగిలించకండి. ఇది నేను సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. చాలా ఏళ్ల క్రితం నా బుల్లెట్‌కు ఒక షెడ్డులో ఇలాంటి డబ్బా వేయించాను. ఆయిలు చుక్క కూడా బయట పడకూడదన్న పట్టుదలతో ఆ మేస్త్రీ మూతను రబ్బరు వాషరు వేసి బిగించాడు, గాలి పోవడానికి మాత్రం ఎక్కడా రంధ్రం పెట్టలేదు. హైవే మీద ఓ గంట ప్రయాణం చేశాక బూటు జారుతున్నట్టు అనిపించి దిగి చూశాను. రాకర్ కవర్ల (హెడ్డు మీది మూతల) చుట్టూ, ఇంజిన్ కుడి పక్కనుండే టైమింగ్ కవర్ ప్యాకింగు వెంబడి ఆయిలు చెమటలా పట్టి ఉంది. డబ్బా మూత ఒక చుట్టు వదులు చేయగానే బుస్సుమని గాలి పోయింది. ఇంటికి చేరాక క్లచ్ కేసు విప్పితే, ఎడమ వైపు క్రాంకు సీలు పెదవి మడతపడి, ఛాంబర్ ఆయిలు అందులోకి చేరి కనిపించింది. ఆ సీలు మార్చడానికి క్లచ్ మొత్తం దించవలసి వచ్చింది.

ఇక మీ పని సంగతి. మీ కాలపు బుల్లెట్లలో కొన్నింటికి కంపెనీయే ఒక చిన్న డబ్బా ఇచ్చింది. ఛాంబర్ పైపు దాంట్లోకి వస్తుంది, అడుగున పేరుకున్న ఆయిలు సన్నటి పైపు గుండా టైమింగ్ కవర్‌లోకి తిరిగి పోతుంది, పైన మిగిలిన గాలి ఎయిర్ ఫిల్టరు వైపు వెళ్తుంది. మీ బండికి ఆ డబ్బా ఉండేదేమో, తర్వాత ఎవరైనా తీసేశారేమో ముందు వెతకండి. టైమింగ్ కవర్ మీద గుడ్డ ముక్క కుక్కిన నిపుల్ గానీ, ఎయిర్ ఫిల్టరు డబ్బాకు బోల్టు బిగించి మూసిన రంధ్రం గానీ కనిపిస్తే, అది ఆ పాత ఏర్పాటు ఆనవాలే కావచ్చు. అలాంటప్పుడు కొత్తది కల్పించడం కంటే, ఉన్నదాన్ని తిరిగి నిలబెట్టడమే బండి రూపానికీ ఇంజిన్‌కూ మేలు.

కొత్తగా చేయించాలంటే, పావు లీటరు పట్టే అల్యూమినియం గానీ స్టీలు గానీ డబ్బా చాలు. ప్లాస్టిక్ సీసా వేడికి మెత్తబడి క్లిప్పు దగ్గర వదులవుతుంది, అది వద్దు. లోపలికి వచ్చే ముక్కు డబ్బా సగం లోతు దాకా దిగాలి, బయటికి పోయేది పై అంచునే ఉండాలి. రెండింటికీ మధ్య గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచును వదులుగా నింపితే, తుంపర దానికి తగిలి చుక్కలై కిందికి దిగుతుంది. తుప్పు పట్టే రకం పీచు వాడితే దాని పొడి ఎప్పటికైనా ఇంజిన్ వైపు చేరుతుంది కాబట్టి కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కునేదాన్ని పక్కన పెట్టండి. అడుగున ఒక డ్రెయిన్ బోల్టు ఉండాలి.

పైపు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ఇంజిన్ ముక్కుకు ఎంత లోపలి కొలత ఉందో, డబ్బా దాకా పైపుకూ అంతే ఉండాలి, ఎక్కడా సన్నబడకూడదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు మొదటి నెల ముచ్చటగా ఉంటుంది, తర్వాత వేడికి పసుపు పచ్చగా మారి కర్రలా బిగుసుకుపోతుంది. మామూలు సిలికాన్ పైపు ఆయిలుకు ఉబ్బుతుంది. ఆయిలుకు, పెట్రోలుకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు అని అడిగి తీసుకోండి. పైపు ఇంజిన్ నుంచి ముందు కొంత దూరం పైకే ఎక్కాలి. అప్పుడు తుంపరలో కొంత దారిలోనే చల్లబడి వెనక్కి ఛాంబర్‌లోకి జారిపోతుంది. ఆ తర్వాత డబ్బాలోకి దిగవచ్చు గానీ, మధ్యలో ఊయలలా వేలాడకూడదు. ఆ వేలాడిన చోట నీరూ ఆయిలూ నిలిచి బిరడా వేసినట్టు అయిపోతుంది.

సాధ్యమైతే ఇంజిన్‌కు దగ్గరలో, గాలిని బయటి దిశకు మాత్రమే పోనిచ్చే వాల్వు వేయండి. బాతు ముక్కులా రెండు రబ్బరు పెదవులు ఉండే రకం బుల్లెట్లకు చాలాకాలంగా వాడుకలో ఉంది. పిస్టన్ దిగినప్పుడు పెదవులు తెరుచుకుని గాలి పోతుంది, లేచినప్పుడు మూసుకుంటాయి, దాంతో ఛాంబర్‌లో ఒత్తిడి సగటున బయటి గాలి కంటే కాస్త తక్కువగా నిలుస్తుంది. ఏళ్ల తరబడి కారే ప్యాకింగులు కొన్ని ఈ ఒక్క మార్పుతోనే ఆరిపోవడం నేను చూశాను. అయితే వేడికి ఆ రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి ఏడాదికొకసారి తీసి వేళ్లతో నలిపి చూడాలి. పెదవులు అతుక్కుపోతే మీ బండికీ మూత బిగించిన నా డబ్బా గతే పడుతుంది.

చివరిగా, దాచే చోటు. ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ లేని పక్క టూల్ బాక్సు మీ అవసరానికి సరిపోతుంది. కానీ డబ్బా గాలిని ఆ పెట్టె లోపలికే వదలకండి, ఎందుకంటే అందులో పెట్రోలు ఆవిరి ఉంటుంది. మూసిన పెట్టెలో, వైర్ల పక్కన దాన్ని పోగుచేయడం ప్రమాదకరం. పెట్టె వెనక గోడకు రబ్బరు గ్రోమెట్ వేసిన రంధ్రం చేసి, గాలి పైపును బయటికి తీసి, ఎయిర్ ఫిల్టరు డబ్బాకు కలపడం నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. వాసన ఉండదు, మరక ఉండదు, ఆ ఆవిరి ఇంజిన్‌లోనే కాలిపోతుంది. ఏ పద్ధతిలో చేసినా ఆ పైపు చివర వెనక టైరుకు ముందు గానీ, సైలెన్సర్ మీద గానీ ఉండకూడదు. టైరు అంచున పడిన రెండు చుక్కల ఆయిలు వంపు తిరిగేటప్పుడు మనిషిని పడేస్తుంది. మీ రిమ్ము మీది మరక సంగతి చదవగానే నాకు మొదట కలిగిన భయం ఇదే. డబ్బా తయారయ్యే దాకా ఆగకుండా ఈ రోజే ఆ పైపును చక్రానికి దూరంగా తిప్పి కట్టి, టైరు అంచులను సబ్బు నీళ్లతో కడగండి.

ప్రశ్న: డబ్బా పెట్టి మూడు నెలలైంది. రోజూ నడిపినప్పుడు ఏమీ రాదు. సంక్రాంతికి ఊరెళ్లి మూడు వారాల తర్వాత స్టార్ట్ చేస్తే, పది నిమిషాల్లో డబ్బా నిండి పొర్లింది. రింగులు పోయాయని, బోరు పని చేయించాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? నాదీ పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్టే. (గుంటూరు నుంచి)

జవాబు: తొందరపడి బోరు పనికి ఒప్పుకోకండి. రింగులే పోయి ఉంటే డబ్బా రోజూ నిండాలి, మూడు వారాలు నిలిపిన బండికి మాత్రమే నిండకూడదు. మీ ఇంజిన్‌లో ఆయిలు నిలవ ఉండే అర ఒకటి, క్రాంకు తిరిగే ఛాంబర్ ఒకటి, రెండూ ఒకే పోతలో పక్కపక్కన ఉంటాయి. ఆయిలు పంపు అరిగితే, బండి నిలిపి ఉంచిన రోజుల్లో నిలవ అరలోని ఆయిలు పంపు సందుల్లోంచి మెల్లగా ఛాంబర్‌లోకి దిగుతుంది. తర్వాత స్టార్ట్ చేయగానే క్రాంకు ఆ ఆయిలును చిలికి బ్రీదర్ లోంచి బయటికి తోస్తుంది.

దీనికి ఇంకో తప్పు తోడవుతుంది. నిలిపి ఉంచిన బండి డిప్‌స్టిక్ చూస్తే ఆయిలు తక్కువగా కనిపిస్తుంది, దాంతో మనిషి అర లీటరు పోస్తాడు, ఆ అదనపు ఆయిలంతా తర్వాత డబ్బాలోకే వస్తుంది. ఈ ఇంజిన్‌కు ఆయిలు కొలత చూడవలసింది కొద్ది నిమిషాలు నడిపి ఆపిన తర్వాతే. మీరు ఊరి నుంచి వచ్చాక పోశారో లేదో గుర్తు చేసుకోండి.

రింగుల సంగతి తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, పైపును డబ్బా దగ్గర ఊడదీసి దాని చివర అరచేతి వెనక భాగం పెట్టండి. వాల్వు ఉంటే టపటపమని చిన్న చిన్న ఊదులు తగులుతాయి, లేకపోతే ఊదడమూ పీల్చడమూ రెండూ తెలుస్తాయి. అలా కాకుండా ఎడతెగని వేడి పొగ వస్తూ, యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా పెరుగుతుంటే, అప్పుడు మీ మెకానిక్ మాటలో నిజముంది. వెయ్యి కిలోమీటర్లకు రెండు మూడు చెంచాల ఆయిలు చేరడం ఈ ఇంజిన్‌కు మామూలే.

ప్రశ్న: మాది పాడేరు వైపు. చలికాలంలో డబ్బాలో ఆయిలుకు బదులు తెల్లగా వెన్న లాంటిది పేరుకుంటోంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయా?

జవాబు: పోలేదు, ఆ నీళ్లు ఇంజిన్‌లోనే పుట్టాయి. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో చాలావరకు సైలెన్సర్ దారిన పోయినా, కొంత రింగులు దాటి ఛాంబర్‌లోకి చేరుతుంది. లంబసింగి, పాడేరు చలిలో, ఇంటి నుంచి బడికీ సంతకూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే, ఆయిలు పూర్తిగా వేడెక్కదు, ఆవిరి చల్లటి డబ్బా గోడలకు తగిలి నీరవుతుంది, ఆయిలుతో కలిసి మజ్జిగ చిలికినట్టు తెల్లబడుతుంది. ఈ ముద్ద డబ్బాలో ఉండడం ఒకరకంగా మంచిదే, లేకపోతే అది ఎయిర్ ఫిల్టరుకు పట్టేది.

వారానికోసారి అరగంటైనా ఆగకుండా నడిపి ఇంజిన్‌ను బాగా వేడెక్కనివ్వండి, చలి తగ్గే దాకా డబ్బాను వారం వారం ఖాళీ చేయండి. పైపులో ఎక్కడైనా ముద్ద అడ్డుపడిందేమో కూడా చూడండి. ఆ ముద్దను మళ్లీ ఇంజిన్‌లో పోయవద్దు. అందులో నీరూ ఆమ్లాలూ ఉంటాయి. కాలువలోనో పొలం గట్టునో పారబోయకుండా, ఒక సీసాలో పట్టి, షెడ్డులో వాడిన ఆయిలు పోసే డ్రమ్ములో వేయండి. మీ ఇంజిన్ గాలితో చల్లబడేది కాబట్టి సరిపోయింది గానీ, రేడియేటర్ ఉన్న బండిలో తెల్లటి ముద్ద విపరీతంగా వస్తూ, కూలెంట్ తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ ప్యాకింగును అనుమానించాలి.

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటాను. నాది 2007 హార్లీ స్పోర్ట్‌స్టర్. ఎయిర్ క్లీనర్ ఎప్పుడూ ఆయిలుతో తడిసి, కుడి కాలు ప్యాంటు మీద చుక్కలు పడుతున్నాయి. బ్రీదర్లను కనపడని డబ్బాలోకి తిప్పాలంటే బుల్లెట్‌కు చెప్పిన పద్ధతే సరిపోతుందా?

జవాబు: సూత్రం ఒకటే గానీ దారి వేరు. 1991 నుంచి వచ్చిన మీ తరహా స్పోర్ట్‌స్టర్లలో ఛాంబర్ తన ఊపిరిని రెండు హెడ్ల (సిలిండర్ల పై భాగాల) గుండా వదులుతుంది. రాకర్ బాక్సుల లోపల గొడుగు ఆకారంలో చిన్న రబ్బరు వాల్వులు ఉంటాయి, వాటిని దాటిన గాలి, ఎయిర్ క్లీనర్ వెనక ప్లేటును హెడ్లకు బిగించే బోలు బోల్టుల లోంచి నేరుగా ఎయిర్ క్లీనర్‌లోకి వస్తుంది. ఒకే బోల్టు రెండు పనులు చేస్తోందన్నది ఇక్కడ మరచిపోకూడని సంగతి. బ్రీదర్‌ను మళ్లించడానికి ఆ బోల్టులు తీసి వేరే ఫిట్టింగులు పెడితే, ఎయిర్ క్లీనర్ బరువంతా ఇన్‌టేక్ మీద వేలాడి, వణుకుకు ఇన్‌టేక్ సీళ్లు దెబ్బతింటాయి. కాబట్టి బిగింపు చెడని ఫిట్టింగులు గానీ, విడిగా ఒక బ్రాకెట్ గానీ తప్పనిసరి. పాత ప్లేటులో గాలి వచ్చిన రంధ్రాలను కూడా మూయాలి. మూయకపోతే దుమ్ము వడపోత లేకుండా ఆ దారినే ఇంజిన్‌లోకి పోతుంది.

రెండు హెడ్ల పైపులను ఒక వై ముక్కతో కలిపి, ఒకే పైపుగా సిలిండర్ల మధ్య నుంచి వెనక్కి తీసుకుంటే బయటికి దాదాపు కనపడదు. వెనక సిలిండర్ ఎగ్జాస్టుకు పైపు ఆనకుండా చూసుకోండి. లోపల వాల్వులు ఉన్నాయి కాబట్టి ఇంకో వాల్వు అవసరం లేదు. డబ్బాను ఎడమ పక్క కవరు వెనక, చేతికి అందే చోట పెట్టండి. డబ్బా నుంచి వచ్చే గాలిని మళ్లీ ఎయిర్ క్లీనర్ ప్లేటుకే కలపండి, ఎందుకంటే అమెరికా ఫెడరల్ నిబంధనలు ఛాంబర్ వాయువులను బయటికి వదలడాన్ని అనుమతించవు. ఆయిలు డబ్బాలో ఆగిపోతుంది కాబట్టి మీ ప్యాంటు బాధ ఇలా కూడా తీరుతుంది.

వీటన్నిటికంటే ముందు ఆ గొడుగు వాల్వులను చూడమని చెప్తాను. ఇంత కాలానికి ఆ రబ్బరు బిగుసుకుని ఉండవచ్చు. వాటిని మార్చి, ఆయిలు ట్యాంకును పై గీత దాకా నింపే అలవాటు మానేస్తే, డబ్బా లేకుండానే ఎయిర్ క్లీనర్ ఆరవచ్చు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. నాది 2023 చివర్లో కొన్న కొత్త బుల్లెట్ 350. బ్రీదర్‌ను ఎయిర్ బాక్సు నుంచి తీసి డబ్బాకు పెడితే పికప్ పెరుగుతుందని ఒక మిత్రుడు అన్నాడు. పొల్యూషన్ టెస్టులో కూడా పట్టుబడదట. చేయించమంటారా?

జవాబు: చేయించవద్దు. ఆయిలు ఆవిరి ఎక్కువగా కలిస్తే పెట్రోలు నాకింగును (సిలిండర్‌లో దానంతట అదే పేలడాన్ని) తట్టుకునే శక్తి తగ్గుతుందన్నది నిజమే, పిస్టన్ మీద మసి చేరుతుందన్నదీ నిజమే. కానీ మంచి రింగులున్న మీ 349 సి.సి. ఇంజిన్‌లో ఆ మోతాదు చాలా స్వల్పం, దాన్ని తీసేసినంత మాత్రాన మీ చేతికి తెలిసేంత పికప్ రాదు. పొల్యూషన్ టెస్టులో పట్టుబడకపోవడానికి కారణం, అక్కడ సైలెన్సర్ లోంచి వచ్చే పొగను మాత్రమే కొలుస్తారు, బ్రీదర్ వైపు ఎవరూ చూడరు. పట్టుబడనంత మాత్రాన అది అనుమతి కాదు. మీ బండి బీఎస్ 6 (వాహనాల కాలుష్యం మీద భారత ప్రభుత్వ ప్రమాణం) కింద ఆమోదం పొందింది, ఛాంబర్ వాయువులు గాలిలో కలవకూడదన్నది ఆ ఆమోదంలో భాగం. కంపెనీ ఇచ్చిన తీరును మార్చడానికి మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ అడ్డు వస్తుంది, వారంటీ సంగతి సరేసరి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొత్త బండ్లలో సీటు కిందా ట్యాంకు కిందా ఇలాంటి నల్లటి పైపులు మూడు నాలుగు ఉంటాయి: ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని, దాన్ని పట్టి ఉంచే క్యానిస్టర్ డబ్బాకు చేర్చేది ఒకటి, ఎగ్జాస్టుకు గాలి ఇచ్చేది ఒకటి, బ్రీదర్ ఒకటి. తెలియని చేయి ఒకదాని బదులు ఇంకొకటి ఊడదీసి మూసేస్తే, పెట్రోలు ట్యాంకుకు గాలి అందక బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. మీ మిత్రుడు ఇప్పటికే చేయించుకుని ఉంటే, ఎయిర్ బాక్సు వైపు తెరిచి వదిలేసిన ముక్కు ఉందేమో చూడమనండి. అది తెరిచి ఉంటే, మన రోడ్ల దుమ్మంతా ఫిల్టరును తప్పించుకుని సిలిండర్‌లోకి పోతూ ఉంటుంది. పైపును మొదట ఉన్న చోటే బిగించి, పాత క్లిప్పు వదులైతే కొత్తది వేయమనండి.